గామా వెలిగినందుకే న్యూట్రినో వచ్చిందా? టీఎక్స్‌ఎస్ 0506+056 కేసు, లెక్కలతో సహా

ఎమ్మెస్సీ ఫిజిక్స్ పిల్లలతో ప్రాజెక్టులు చేయించేటోళ్ళకి, చేసే పిల్లలకి పనికొస్తదని ఈ కేసు మొత్తం ఒక్కదగ్గర పెడుతున్నా. హై ఎనర్జీ న్యూట్రినోలు (చార్జ్ లేని, దేన్నీ పెద్దగ తాకకుంట పోయే బుల్లి కణాలు) విశ్వంల ఎట్ల తయారైతయ్ అని పుస్తకం తెరిస్తే రెండు రియాక్షన్లు రాసి, కింద ఒక భిన్నం రాసి అయిపోగొడతరు. చదివినోళ్ళకి అర్థమైనట్టే ఉంటది, కానీ ఒక అసలు సోర్స్‌ని ముందర పెట్టుకొని "ఈ న్యూట్రినో ఇక్కడ పుట్టాలంటే ఏమేం ఉండాలె" అని లెక్కకి కూర్చుంటే అప్పుడు బయటపడతయ్ అసలు ప్రశ్నలు. హనుమకొండల నా దగ్గర ప్రాజెక్టు చేసిన పిల్లలతోని నేను తీసుకున్నది టీఎక్స్‌ఎస్ 0506+056 అనే బ్లేజర్, అంటే నడిమిట్ల బ్లాక్ హోల్ నుంచి దూసుకొచ్చే కణాల జెట్ మన వైపే తిరిగి ఉన్న గెలాక్సీ. కొత్త డేటా ఏం తియ్యలే, ఐస్‌క్యూబ్ వాళ్ళు, టెలిస్కోపుల వాళ్ళు బయటపెట్టిన అంకెలే, ఇంక పైథాన్, కాగితం, పెన్ను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: ఈ సోర్స్ గురించి జనంలకి పోయిన కథ "గామా వెలిగింది, న్యూట్రినో వచ్చింది" అని (గామా అంటే గామా కిరణాలు, అన్నిటికంటే ఎక్కువ ఎనర్జీ ఉన్న వెలుగు), లెక్క మాత్రం దాదాపు ఉల్టా చెప్తది.

ముందుగాల ఏం చూసిన్రు

2017 సెప్టెంబర్ 22, యూనివర్సల్ టైం 20:54:30. మనకి 23 తెల్లారగట్ల 2:24, బతుకమ్మ రోజులు. దక్షిణ ధ్రువం కాడ మంచు లోపల 1,450 మీటర్ల నుంచి 2,450 మీటర్ల లోతు దాక 86 కేబుళ్ళకి 5,160 లైట్ సెన్సర్లు వేలాడదీసి ఉన్నయ్, మొత్తం ఒక ఘన కిలోమీటర్ మంచు, అదే ఐస్‌క్యూబ్. ఆ టైముకి ఒక మ్యూఆన్ (ఎలక్ట్రాన్ లాంటిదే, దానికంటే బరువైన కణం) దాదాపు అడ్డంగ ఆ మంచుల నుంచి దూసుకపోయింది, పోతా పోతా నీలం చెరెంకోవ్ వెలుగుతోని పొడుగు గీత గీసింది. 43 సెకన్లల్ల ప్రపంచమంతా ఉన్న టెలిస్కోపులకి అలర్ట్ పోయింది.

వచ్చిన దిక్కు దక్షిణ ధ్రువం నుంచి చూస్తే హొరైజన్‌కి 5.7 డిగ్రీలు కింద. ఈ ఒక్క ముక్క మీద పిల్లలతోని చాలాసేపు మాట్లాడిన. భూమి వ్యాసం తీసుకొని ఆ కోణానికి గీత గీస్తే న్యూట్రినో సుమారు 1,260 కిలోమీటర్లు భూమి లోపల్నుంచి వచ్చినట్టు తేలుతది. మా దగ్గర ఒకతను భూపాలపల్లి నుంచి వస్తడు, వాళ్ళ నాయిన సింగరేణిల చేస్తడు, "సార్, మా నాయిన దిగే గనిల గూడ మ్యూఆన్లు వస్తయా" అని అడిగిండు. వస్తయ్ బిడ్డా, లోతు పెరిగే కొద్దీ తగ్గుతయ్ గానీ పూర్తిగ ఆగవు, ఐస్‌క్యూబ్‌కి ఒకటిన్నర కిలోమీటర్ల మంచు కింద గూడ పైనుంచి సెకనుకి మూడు వేల దాక మ్యూఆన్లు కొడుతనే ఉంటయ్. అందుకనే పై నుంచి వచ్చినదాన్ని నమ్ముడు కష్టం, కింది నుంచి వచ్చిందంటే వెయ్యి కిలోమీటర్ల రాయిని ఏ మ్యూఆనూ దాటలేదు, న్యూట్రినోనే దాటి వచ్చి డిటెక్టర్ దగ్గర్ల మ్యూఆన్‌ని పుట్టించింది అనాలె. ఈ గని ఉపాయం మన దేశానికి కొత్త గూడ కాదు, 1965లో కోలార్ బంగారు గనుల అడుగున టీఐఎఫ్‌ఆర్ వాళ్ళు, జపాన్, బ్రిటన్ వాళ్ళు కలిసి వాతావరణంల పుట్టిన న్యూట్రినోలని పట్టిన్రు, అదే ఏడాది దక్షిణాఫ్రికా గనిల ఇంకో టీం పట్టింది. ప్రపంచంల అవే మొదటివి.

ఎనర్జీ దగ్గర గూడ పిల్లలు ఆగిపోతరు. మ్యూఆన్ డిటెక్టర్ల వదిలింది 23.7 టీఈవీ (ఒక టీఈవీ అంటే లక్ష కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు, జీఈవీ అంటే దాంట్ల వెయ్యో వంతు, పీఈవీ అంటే దానికి వెయ్యి రెట్లు), కానీ పేపర్ల న్యూట్రినోకి 290 టీఈవీ అని రాసిన్రు. పదింతలకి పైన తేడా ఎక్కడికెళ్ళి వచ్చింది? మ్యూఆన్ ఎక్కడో బయట పుట్టి, మంచుల కొంత పోగొట్టుకొని, డిటెక్టర్లకి వచ్చి ఇంకొంత వదిలి, మిగిలింది పట్టుకొని అవతలికి పోయింది, మనకి కనబడ్డది మధ్య ముక్క మాత్రమే. ఆ ముక్క నుంచి వెనక్కి పోయి, ఎంత ఎనర్జీ న్యూట్రినోలు ఎట్లాంటి ముక్కలు ఇస్తయో సిమ్యులేషన్ చేసి, ఒక స్పెక్ట్రం అనుకొని తీసిన అంకె 290. 90 శాతం నమ్మకంతోని చెప్పే కింది హద్దు 183 టీఈవీ. ఇంకోటి, ఇది అంతరిక్షం నుంచే వచ్చింది అనేదానికి వాళ్ళు ఇచ్చిన సంభావ్యత 56.5 శాతం. అంటే ఒంటరిగ చూస్తే ఈ న్యూట్రినో మన గాలిలనే పుట్టి ఉండే చాన్స్ బాగనే ఉంది. ఇది పిల్లలకి మొదటి రోజే చెప్పాలె, లేకుంటే మొత్తం కట్టడం ఒక్క గీత మీద నిలబడ్డదన్న సంగతి మర్చిపోతరు.

తర్వాత సెప్టెంబర్ 28న ఫెర్మీ శాటిలైట్ టీం చెప్పింది, ఆ దిక్కుల ఉన్న ఒక బ్లేజర్ గామాల మామూలు కంటే బాగా వెలుగుతున్నదని. కెనరీ దీవుల మ్యాజిక్ టెలిస్కోపులు 400 జీఈవీ దాక గామా చూసినయ్. న్యూట్రినో దిక్కుకి, బ్లేజర్‌కి మధ్య తేడా 0.1 డిగ్రీ. ఇదంతా యాదృచ్ఛికం అయ్యే అవకాశాన్ని లెక్కేస్తే 3 సిగ్మా, అంటే వెయ్యిల ఒకటి స్థాయి (సిగ్మా పెరిగే కొద్దీ యాదృచ్ఛికం అనే అనుమానం తగ్గుతది). దూరం అప్పటికి ఎవ్వరికీ తెల్వదు, తర్వాత కెనరీస్‌లనే ఉన్న 10.4 మీటర్ల టెలిస్కోప్ రెడ్‌షిఫ్ట్ (వెలుగు దారిల ఎంత సాగిందో చెప్పే అంకె, దాని నుంచే దూరం తీస్తరు) 0.3365 అని తీసింది, వెలుగు మన దగ్గరికి రావడానికి నాలుగు వందల కోట్ల ఏండ్ల దగ్గర్ల పడుతది. ఆకాశంల ఈ చోటు చూడాలంటే చలికాలంల ఓరియన్‌ల బెల్లాట్రిక్స్ పక్కన చూడాలె, మన మృగశిర, ఆర్ద్ర ఉన్న తావే. పాకాల చెరువు కట్ట మీద నిలబడి పిల్లలకి ఆ చోటు వేలు పెట్టి చూపించిన, బ్లేజర్ మామూలు కంటికి కనబడదు, కానీ ఎటు నుంచి వచ్చిందో ఒకసారి కండ్లతోని చూస్తే తర్వాత లెక్క చేసే తీరు మారుతది.

పుట్టుక సంగతి

న్యూట్రినోకి చార్జ్ లేదు, దాన్ని ఏ మ్యాగ్నెటిక్ ఫీల్డూ నూకలేదు. కాబట్టి ముందు ప్రోటాన్‌ని వేగం పట్టించాలె, తర్వాత అది దేన్నన్న కొట్టాలె, కొడితే పయాన్లు (కొద్దిసేపే బతికే కణాలు) పుడతయ్, పయాన్లు డికే అయితే న్యూట్రినోలు వస్తయ్. చార్జ్ ఉన్న పయాన్ డికే అయ్యి మ్యూఆన్, ఒక మ్యూఆన్ న్యూట్రినో ఇస్తది, ఆ మ్యూఆన్ మళ్ళ డికే అయ్యి ఎలక్ట్రాన్, ఇంకో రెండు న్యూట్రినోలు ఇస్తది. చార్జ్ లేని పయాన్ రెండు గామాలు ఇస్తది. ప్రోటాన్ ఎనర్జీల సుమారు ఐదో వంతు పయాన్‌కి పోతది, పయాన్‌ది నాలుగు కణాలు దాదాపు సమానంగ పంచుకుంటయ్, అంటే ఒక్కో న్యూట్రినోకి ప్రోటాన్ ఎనర్జీల ఇరవయ్యో వంతు. ఫ్లేవర్ల (న్యూట్రినో రకాల) లెక్క సోర్స్ కాడ ఎలక్ట్రాన్ 1, మ్యూఆన్ 2, టౌ 0, దారిల ఆసిలేషన్ అయ్యి (ఒక రకం ఇంకో రకంగ మారి) మన దగ్గరికి వచ్చేసరికి మూడూ దాదాపు సమానం.

ఇదే పయాన్ కథ మన నెత్తి మీద గాలిల గూడ నడుస్తది, మరి తేడా ఎట్ల పట్టాలె అంటే సాంద్రత దగ్గర పట్టాలె. 1 టీఈవీ పయాన్ డికే అయ్యే లోపు సగటున 55 కిలోమీటర్లు పోవాలె, గాలిల అంత దూరం పోనీయదు, మధ్యలనే ఇంకో న్యూక్లియస్‌ని కొట్టి ఎనర్జీ పోగొట్టుకుంటది. అందుకని గాలిల పుట్టిన న్యూట్రినోల స్పెక్ట్రం పైకి పోయే కొద్దీ తొందరగ పడిపోతది, ఘాతం మైనస్ 3.7 దగ్గర్ల. జెట్లల్ల, గెలాక్సీ గుండెకాయల దగ్గర మ్యాటర్ అంత పల్చగ ఉంటది కాబట్టి పయాన్‌కి అడ్డం ఏం లేదు, ప్రోటాన్ స్పెక్ట్రం ఎట్లుందో న్యూట్రినోది గూడ దాదాపు అట్లనే వస్తది, షాక్ యాక్సిలరేషన్ అయితే మైనస్ 2 చుట్టు. 100 టీఈవీ పైన వచ్చినయ్ అంటే చెవులు నిక్కబొడుచుకునేది ఇందుకే. 2013లో ఐస్‌క్యూబ్ చూపించిన 28 ఈవెంట్ల కట్ట గూడ ఇదే తర్కం మీద నిలబడ్డది.

ఇగ ప్రోటాన్ కొట్టేది దేన్ని? గ్యాస్ ఉంటే ఇంకో ప్రోటాన్‌ని కొడుతది, నక్షత్రాలు జోరుగ పుట్టే గెలాక్సీలు, గెలాక్సీ గుంపుల్ల అట్ల. బ్లేజర్ జెట్‌ల గ్యాస్ పల్చన, వెలుగు ఎక్కువ, కాబట్టి ఫోటాన్‌ని కొడుతది, కొట్టి డెల్టా రెజొనెన్స్ (వెంటనే విరిగిపోయే బరువైన కణం) పుట్టించి పయాన్ ఇస్తది. దీనికి ఒక షరతు ఉంది, ఎదురెదురు గుద్దుకుంటే ప్రోటాన్ ఎనర్జీని ఫోటాన్ ఎనర్జీతోని గుణిస్తే సుమారు 0.16 జీఈవీ స్క్వేర్ రావాలె. మా ప్రాజెక్టు మొత్తం ఈ ఒక్క గుణకారం చుట్టే తిరిగింది.

లెక్క

మనకి చేరింది 290 టీఈవీ. రెడ్‌షిఫ్ట్ తీసేస్తే సోర్స్ కాడ 1.34 రెట్లు, సుమారు 390 టీఈవీ. ప్రోటాన్ దానికి 20 రెట్లు, 7.8 పీఈవీ. జెట్ మన వైపు దూసుకొస్తున్నది కాబట్టి జెట్ లోపల కూర్చొని చూస్తే అంత ఉండదు, డాప్లర్ ఫ్యాక్టర్ (ఆ వేగం వల్ల మనకి ఎనర్జీ ఎన్ని రెట్లు పెరిగి కనబడుతదో ఆ అంకె) 20 అని పెడితే లోపల ప్రోటాన్ 390 టీఈవీ మాత్రమే. (రెండు ఇరవైలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నయ్, అది మనం పెట్టిన అంకె వల్ల అట్ల కలిసొచ్చింది, పిల్లలు దాన్ని ఫిజిక్స్ అనుకోవద్దు.) ఇప్పుడు 0.16ని 3.9 లక్షల జీఈవీతోని భాగిస్తే కావలసిన ఫోటాన్ 410 ఈవీ, జెట్ లోపల. అదే ఫోటాన్ బయటికి వచ్చి మనకి చేరితే సుమారు 6 కేఈవీ, అంటే ఎక్స్‌రే.

ప్రోటాన్‌ని 390 టీఈవీకి తీసుకపోవుడు కష్టమా? కాదు. జెట్‌ల ఒక గాస్ ఫీల్డ్, కోటి కోట్ల మీటర్ల సైజు పెడితే హిల్లాస్ హద్దు (ఆ ఫీల్డ్, ఆ సైజు ఉన్న చోటు కణాన్ని ఎంత ఎనర్జీ దాక తోలగలదో) 3,000 పీఈవీ వస్తది, మనకి కావలసింది 0.39 పీఈవీ. ఎలక్ట్రాన్లని అంత దర్జాగ తోలే జెట్‌కి ప్రోటాన్‌ని తోలుడు పెద్ద పని కాదు. ఇబ్బంది యాక్సిలరేషన్ దగ్గర లేదు, టార్గెట్ దగ్గర ఉంది.

ఎందుకంటే ఈ బ్లేజర్ స్పెక్ట్రం గీస్తే రెండు గుట్టలు కనబడతయ్, ఒకటి ఆప్టికల్ చుట్టు, ఒకటి గామాల, మధ్యల లోయ. ఆ లోయ సరిగ్గ ఎక్స్‌రే కాడ ఉంది. మనకి టార్గెట్ కావలసిన చోటనే ఫోటాన్లు తక్కువ అన్నట్టు. అది చాలదన్నట్టు, ప్రోటాన్ ఫోటాన్‌ని కొట్టినప్పుడల్లా న్యూట్రినోలతో పాటు ఎలక్ట్రాన్లు, గామాలు గూడ పుడతయ్, అవి కాస్కేడ్ అయ్యి ఎనర్జీ తగ్గుకుంట వచ్చి ఆ లోయనే నింపుతయ్. 2017 ఫ్లేర్ అప్పుడు (గామా బాగా వెలిగిన ఆ నెలలల్ల) స్విఫ్ట్, న్యూస్టార్ ఎక్స్‌రే శాటిలైట్లు రెండూ ఆ లోయని కొలిచినయ్, అది నిండలే. కాబట్టి ప్రోటాన్లని ఇష్టమొచ్చినంత పెంచి న్యూట్రినోలు తెప్పిస్తా అంటే ఎక్స్‌రే ఒప్పుకోదు. ఆ హద్దుల కూర్చొని మోడల్ కడితే ఆరు నెలల ఫ్లేర్‌కి రావలసిన అలర్టు న్యూట్రినోలు 1 కంటే బాగ తక్కువ. వచ్చిన ఒక్కటి అదృష్టం కొద్దీ వచ్చింది అనాలె, ఇట్లాంటి బ్లేజర్లు బోలెడున్నయ్ కాబట్టి ఎక్కడో ఒకదానికి అట్ల తగులుతది, అది తప్పు వాదన కాదు. కానీ "ఒక న్యూట్రినో వచ్చింది కాబట్టి ఫ్లక్స్ ఇంత" అని రాసుడు తప్పు, పిల్లల రిపోర్టుల నేను ఎర్ర పెన్నుతోని కొట్టేసేది ఎక్కువ ఇదే వాక్యం.

టార్గెట్ జెట్ బయట నుంచి వస్తే? బయట ఉన్న వెలుగు జెట్ లోపలికి 20 రెట్లు పెరిగి కనబడుతది, కాబట్టి బయట 20 ఈవీ ఉంటే చాలు, అల్ట్రావయొలెట్. బ్లాక్ హోల్ చుట్టు ఉండే గ్యాస్ మబ్బులు అట్లాంటి వెలుగు ఇస్తయ్. ఈ సోర్స్‌ని మొదట్ల బీఎల్ లాక్ రకం అన్నరు, అంటే ఆ మబ్బుల గీతలు స్పెక్ట్రంల కనబడవు అని, కానీ 2019లో వచ్చిన విశ్లేషణ ఇది మారువేషంల ఉన్న ఎఫ్‌ఎస్‌ఆర్‌క్యూ (ఆ గీతలు గట్టిగ ఉండే బ్లేజర్ రకం) అని, గీతలు ఉన్నయ్ గానీ జెట్ వెలుగుల మునిగిపోయినయ్ అని చూపించింది. నాకు ఇది ఈ కేసుల మంచి మలుపు అనిపిస్తది, టార్గెట్ దొరికింది.

కానీ టార్గెట్ దొరికితే ఇంకో గొడవ మొదలైతది. అదే ఫోటాన్లు గామాని గూడ మింగుతయ్. గామా, ఫోటాన్ గుద్దుకొని ఎలక్ట్రాన్ పాజిట్రాన్ జంట అయిపోతది. ఎంత ఎనర్జీ గామాలు మునుగుతయ్? 410 ఈవీ ఫోటాన్‌తోని జెట్ లోపల 640 ఎంఈవీ గామా నుంచి మొదలు, మనకి కనబడే లెక్కల 10 జీఈవీ దగ్గర్ల నుంచి. ఫెర్మీ చూసే బ్యాండే అది. మరి ఎంత గట్టిగ మింగుతయ్ అంటే, ఈ జంట పుట్టే క్రాస్ సెక్షన్ (గుద్దుకునే అవకాశానికి కొలత) ప్రోటాన్ ఎనర్జీ పోగొట్టుకునే క్రాస్ సెక్షన్‌కి సుమారు వెయ్యి రెట్లు. అంటే ఒక చోట ప్రోటాన్లల్ల పదో వంతు న్యూట్రినోలు చేసేటంత దట్టంగ ఫోటాన్లు ఉన్నయ్ అంటే, అక్కడ గామాకి ఆప్టికల్ డెప్త్ వంద, అంటే బయటపడే లోపు సగటున వంద సార్లు మింగబడాలె. ఒక్క గామా బయటికి రాదు. తిప్పి చదివితే, 2017ల మ్యాజిక్ 400 జీఈవీ గామా చూసింది అంటే ఆ గామా వచ్చిన చోటు పారదర్శకం, ఆ చోట న్యూట్రినో తయారీ సామర్థ్యం వెయ్యిల ఒక వంతు స్థాయి దాటదు.

ఈ గీత బోర్డు మీద గీసినప్పుడు క్లాసుల కొద్దిసేపు ఎవ్వరూ మాట్లాడలే, తర్వాత ఒకమ్మాయి అడిగింది, "మరి సార్, గామా తగ్గినప్పుడు కదా న్యూట్రినో కోసం చూడాలె?"

2014–15 పాత డేటా

సరిగ్గ అదే దొరికింది. అలర్ట్ వచ్చినంక ఐస్‌క్యూబ్ వాళ్ళు అదే దిక్కున తొమ్మిదిన్నర ఏండ్ల పాత డేటా వెతికితే 2014 సెప్టెంబర్ నుంచి 2015 మార్చి మధ్యల బ్యాక్‌గ్రౌండ్ కంటే 13 ఈవెంట్లు ఎక్కువ కనబడ్డయ్, అటూ ఇటూ 5, మొత్తం 3.5 సిగ్మా. ఇది 2017 న్యూట్రినోతోని సంబంధం లేని వేరే సాక్ష్యం. ఆ నెలలల్ల ఫెర్మీకి ఈ బ్లేజర్ ఫ్లేర్ ఏం లేదు, చప్పుడు లేకుంట ఉంది. న్యూట్రినోల్ల బయటికి పోయిన పవర్ గామాల పోయినదానికి సుమారు నాలుగు రెట్లు వచ్చింది.

కొందరికి ఇది కేసు బలహీనం చేసినట్టు అనిపిస్తది, "2017ల గామా ఉంటే వచ్చింది, 2014ల లేకుంట వచ్చింది, ఏందీ లెక్క" అని. నాకైతే 2014–15 ముక్కనే ఎక్కువ బరువుగ అనిపిస్తది, ఎందుకంటే వెయ్యి రెట్ల సూత్రం చెప్పేదే అది, న్యూట్రినోలు గట్టిగ తయారయ్యే చోటు గామాకి చీకటి. నా తీర్పు ఏందంటే, గామా వచ్చేది జెట్‌ల దూరంగ ఉన్న పల్చని చోటు నుంచి, న్యూట్రినో వచ్చేది బ్లాక్ హోల్‌కి దగ్గర్ల దట్టమైన చోటు నుంచి. ఒకే జోన్ పెట్టి రెండిటినీ ఒప్పించుడు మాతోని కాలే, పేపర్లల్ల గూడ మస్తు అవస్థ పడ్డరు. ఇది 5 సిగ్మా తీర్పు కాదు, 3, 3.5 సిగ్మాల మీద చెప్పే మాట.

మిగిలిన ముక్క ఒకటుంది. గామా మింగబడ్డది అంటే ఎనర్జీ మాయం కాలే, చార్జ్ లేని పయాన్ తీసుకున్న వాటా ఎక్కడో బయటికి రావాలె. కాస్కేడ్ అయ్యి ఎక్స్‌రే నుంచి ఎంఈవీ దాక రావాలె. ఎంఈవీ బ్యాండ్‌ల మాత్రం కాంప్టన్ అబ్జర్వేటరీని 2000లో దించేసినంక అట్ల ఆకాశం మొత్తం బాగ చూసే పరికరం లేదు. 2014–15ల చూడాల్సిన చోట కన్ను లేదు.

ఎన్‌జీసీ 1068తోని సరిచూసుకున్నం

ఒక్క సోర్స్ మీద తీర్పు చెప్పొద్దని పిల్లలతోని అదే గుణకారం ఎన్‌జీసీ 1068 మీద చేయించిన. ఇది దగ్గరి గెలాక్సీ, జెట్ మన వైపు చూడదు, మధ్యల బ్లాక్ హోల్ దట్టమైన గ్యాస్, దుమ్ము వెనుక దాక్కొని ఉంటది. 2022 నవంబర్‌ల ఐస్‌క్యూబ్ ఇక్కడ్నుంచి 79 న్యూట్రినోలు, 4.2 సిగ్మా అని ప్రకటించింది, ఎనర్జీ 1.5 నుంచి 15 టీఈవీ. డాప్లర్ లేదు, రెడ్‌షిఫ్ట్ లెక్కల పెట్టాల్సినంత లేదు, కాబట్టి లెక్క తేలిక. ప్రోటాన్లు 30 నుంచి 300 టీఈవీ. 0.16ని భాగిస్తే ఫోటాన్ 5 కేఈవీ నుంచి 0.5 కేఈవీ. బ్లాక్ హోల్ చుట్టు ఉండే కరోనా అనే వేడి గ్యాస్ పొర ఇచ్చే ఎక్స్‌రే అదే. ఏ అంకె మార్చకుంట, ఏ ఫ్యాక్టర్ ఊహించకుంట నేరుగ కరోనా దగ్గరికి తీసుకపోయింది, ఈ భాగహారం చేసినప్పుడు పిల్లల మొహాలు చూడాల్సింది.

మరి గామా? 5 కేఈవీ ఫోటాన్లు 50 ఎంఈవీ పైన గామాని మింగుతయ్. ఈ గెలాక్సీ నుంచి ఫెర్మీ చూసే జీఈవీ గామా కొద్దిగ ఉంది గానీ అది నక్షత్రాలు పుట్టే చోట్ల నుంచి వచ్చిందని చెప్పుకోవచ్చు, టీఈవీల మ్యాజిక్‌కి ఏం దొరకలే, వాళ్ళు పెట్టిన హద్దు న్యూట్రినో ఫ్లక్స్ కంటే బాగ కింద ఉంది. న్యూట్రినో ఉంది, దాని జోడు గామా లేదు. టీఎక్స్‌ఎస్ కాడ మేం అనుమానంగ చెప్పిన మాట ఇక్కడ తేటగ కనబడ్డది.

ఇంకో వైపు నుంచి గూడ ఇదే వస్తది. ఆకాశమంతా కలిపి వచ్చే న్యూట్రినోలు 10, 100 టీఈవీ మధ్య ఎక్కువున్నయ్, వాటి సోర్సులన్నీ గామాకి పారదర్శకం అనుకుంటే వాటి జోడు గామాలు కాస్కేడ్ అయ్యి ఫెర్మీ కొలిచిన గామా బ్యాక్‌గ్రౌండ్‌ని దాటిపోతయ్. ఫెర్మీ కేటలాగ్‌ల ఉన్న బ్లేజర్లన్నిటినీ కలిపి వెతికిన ఐస్‌క్యూబ్ విశ్లేషణల గూడ, మొత్తం న్యూట్రినో ఫ్లక్స్‌ల వాటి వాటా ఎక్కువల ఎక్కువ 27 శాతం అని తేలింది. గామాల మెరిసేటోళ్ళ లిస్టు పట్టుకొని న్యూట్రినో సోర్సులని వెతుకుడు ఎంత దూరం తీసుకపోతదో దీన్ని బట్టి తెలుస్తది.

అట్లని గామా టెలిస్కోపులు వద్దని కాదు. లదాఖ్‌ల హాన్లే కాడ 4,300 మీటర్ల ఎత్తుల మన 21 మీటర్ల మేస్ ఉంది, బార్క్‌తోని కలిసి మన హైదరాబాద్ ఈసీఐఎల్ కట్టింది, 2024 అక్టోబర్‌ల ప్రారంభమైంది. ఒక అలర్ట్ వచ్చినప్పుడు అటు తిప్పి చూసి ఏం కనబడలేదంటే అది ఖాళీ చెయ్యి కాదు, సోర్స్ ఎంత దట్టమో చెప్పే కొలత. "గామా కనబడలే, ఫలితం లేదు" అని రిపోర్టుల రాసుడు మా దగ్గర బంద్ పెట్టించిన, ఎంత ఎనర్జీ కాడ ఎంత హద్దు అని రాయాలె, దాని నుంచి ఫోటాన్ సాంద్రత తీయాలె.

ఎంఈవీ కన్ను గూడ రాబోతున్నది, నాసా కోసీ అనే చిన్న శాటిలైట్‌ని 2027లో పంపాలని ప్లాన్ పెట్టుకుంది, 0.2 నుంచి 5 ఎంఈవీ దాక చూస్తది. ఇప్పుడున్న బ్యాచ్‌కి ఇచ్చిన పని అదే: ఎన్‌జీసీ 1068 న్యూట్రినో ఫ్లక్స్ తీసుకొని, చార్జ్ లేని పయాన్ వాటా ఎంతో కట్టి, కాస్కేడ్ అయినంక 1 ఎంఈవీ దగ్గర ఎంత వెలుగు రావాలె, దాన్ని కోసీ పట్టగలదా లేదా. కరోనా సైజు పదింతలు మార్చి రెండు మూడు తీర్ల చెయ్యమన్న, సైజు మారితే ఫోటాన్ సాంద్రత మారుతది, సాంద్రత మారితే జవాబు పూర్తిగ మారుతది.